జపాన్‌లో ఇంగ్లీషు మాట్లాడించే పని

మా బందరులో ఈస్టిండియా కంపెనీ 1611లో వర్తక స్థావరం పెట్టిందని మేమంతా బళ్లో చదువుకున్నవాళ్లమే. అదే కంపెనీ మరో రెండేళ్లకు, 1613లో, జపాన్ పడమటి అంచున హిరాదో అనే చిన్న రేవులో ఇంకొకటి పెట్టిందన్న సంగతి మాత్రం ఇక్కడ కాపురానికి వచ్చేదాకా నాకు తెలియదు. మేముండే ఫుకుఒకా నుంచి హిరాదోకి కారులో రెండు గంటల పైచిలుకు దారి. రేవు పక్కన కొండ మీద విలియం ఆడమ్స్ సమాధి ఉంది. 1600లో ఓ డచ్చి ఓడలో, సగం ప్రాణాలతో జపాన్ ఒడ్డుకు చేరిన ఆంగ్లేయుడాయన. తొకుగావా ఇయెయసు అంతటి పాలకుడికి సలహాదారుగా ఎదిగాడు. కంపెనీకి హిరాదోలో చోటు దొరకడానికి ఆయన పలుకుబడి పనికొచ్చింది. కానీ వాళ్ల సరుకుకు ఇక్కడ గిరాకీ లేకపోయింది. 1623లో నష్టంతో స్థావరం మూసేసి వెళ్లిపోయారు. మన తీరం నుంచి మాత్రం వెళ్లలేదు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఏమైందో మీకు తెలిసిందే.

ఈ రెండు రేవుల కథ పక్కపక్కన పెట్టుకుంటేగానీ నా ఉద్యోగం సంగతి చెప్పలేను. నేను జపాన్‌వాళ్ల చేత ఇంగ్లీషు మాట్లాడిస్తాను. దీన్ని ఇక్కడ ఎయికైవా అంటారు. కాస్త పెద్ద ఊరైతే చాలు, రైల్వేస్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే ఏదో ఒక మేడ మీద ఎయికైవా బోర్డు కనిపిస్తుంది. సెలవులకు ఇంటికొస్తే చుట్టాలంతా అడిగేది ఒకటే ప్రశ్న. "షింకాన్‌సెన్ రైళ్లు నడిపేవాళ్లు, నోబెల్ బహుమతులు తెచ్చుకున్నవాళ్లు, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడలేకపోవడమేంటే?" అని. ఆ అడగడంలో కొంత జాలి ఉంటుంది, మనకొచ్చిన విద్య వాళ్లకు రాలేదన్న గర్వమూ ఉంటుంది. ఆ గర్వం సరైంది కాదని నేను నమ్ముతున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు తరగతి గది చూపించాలి.

చిన్న గది, ఒక బల్ల, నలుగురు విద్యార్థులు, గోడకు తెల్లబోర్డు. పాఠం యాభై నిమిషాలు. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు వారం వారం వస్తారు. నేను "శనివారం ఏం చేశారు?" అని అడగ్గానే నోటుబుక్కు తెరిచి, రాసుకొచ్చిన ఐదారు వాక్యాలు చదువుతారు. మనవణ్ణి చేపలు పట్టడానికి తీసుకెళ్లారట, వాడు అంతకు ముందెన్నడూ గాలం ముట్టుకోలేదట. ఒక్క ఆర్టికల్ జారిపోదు, పాస్ట్ పర్ఫెక్ట్ ఉండాల్సిన చోటే ఉంటుంది. "చేప పడిందా?" అంటాను. ఆ ప్రశ్న ఆయన రాసుకొచ్చినదాంట్లో లేదు. గది నిశ్శబ్దమైపోతుంది. ఆయన పెన్ను మూత పెడతారు, తీస్తారు. పెదవులు కదులుతాయి, మాట బయటికి రాదు. మిగతా ముగ్గురూ బల్ల వంక చూస్తూ కూర్చుంటారు, ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదని. కొత్తగా చేరిన టీచర్లు ఆ నిశ్శబ్దం భరించలేక జవాబు తామే అందించేస్తారు. అందించకూడదు. ఓపిక పట్టి కూర్చుంటే చివరికి జవాబు వస్తుంది. ఊరికే తలూపి ఊరుకోరు. రెండు చేపలు పడ్డాయని, చిన్నవి కాబట్టి మళ్లీ నీళ్లలో వదిలేశామని, నిండు వాక్యంగా చెబుతారు.

ఆయనకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఆయన తరంవాళ్లు రాసిన యూనివర్సిటీ ప్రవేశ పరీక్షల్లో సోమర్‌సెట్ మామ్, బెర్ట్రండ్ రసెల్ వచనం తరచూ వచ్చేది. ఒక పేరా ఇస్తే కూర్చుని మాట మాటకూ అర్థం తేల్చి, చక్కని జపనీస్‌లో రాసిపెట్టగలిగినవాళ్లు వాళ్లు. కంటికీ చేతికీ వచ్చింది, నోటికి రాలేదు. అలా ఎందుకైందన్నదే అసలు కథ.

పరాయి భాషను నోటితో పలక్కుండా చదువుకోవడం జపాన్‌కు ఇంగ్లీషుతో మొదలైన అలవాటు కాదు. వెయ్యేళ్లకు పైగా వీళ్లు చైనా గ్రంథాలు చదివారు. వాక్యం పక్కన చిన్న చిన్న గుర్తులు పెట్టుకుని, ఏ మాట ముందు, ఏది వెనక అని వరస మార్చుకుని, చైనా వాక్యాన్ని తిన్నగా జపనీస్‌గా చదివేసేవారు. అదే పద్ధతి డచ్చికి వచ్చింది, తర్వాత ఇంగ్లీషుకూ వచ్చింది. ఎయికైవాలో చేరకముందు నేను ఒక జూనియర్ హైస్కూల్లో సహాయ ఉపాధ్యాయురాలిగా చేశాను. పధ్నాలుగేళ్ల పిల్ల పాఠ్యపుస్తకం చూస్తే ఇంగ్లీషు వాక్యం కింద పెన్సిలుతో అంకెలు, వెనక్కి తిరిగే బాణాలు, బ్రాకెట్లు. క్రియను తెచ్చి చివర పెట్టుకుంటుంది, రిలేటివ్ క్లాజును తెచ్చి నామవాచకం ముందు పెట్టుకుంటుంది. మన తెలుగు వాక్యమూ అదే వరసలో నడుస్తుంది కాబట్టి ఆ బాణాలు ఎటు పోతాయో నాకు చూడగానే తెలిసిపోయేది.

ఇక డచ్చి ఎందుకు? 1639లో పోర్చుగీసువాళ్లను వెళ్లగొట్టాక ఐరోపావాళ్లలో డచ్చివాళ్లకొక్కరికే వ్యాపారానికి అనుమతి మిగిలింది. వాళ్లను కూడా 1641లో నాగసాకి రేవులో మట్టి పోసి కట్టిన దెజిమా అనే దీవికి పరిమితం చేశారు. ఊరికీ దీవికీ మధ్య ఒకే ఒక్క వంతెన. మన కోరమాండల్ తీరంలో అద్దిన బట్టలు ఆ దారినే జపాన్ చేరేవి. టీ వేడుక సామాను దాచే సంచులకు వాటి ముక్కలు కుట్టుకుని తరాల తరబడి అపురూపంగా చూసుకున్నారు. బందరులో డచ్చివాళ్ల సమాధులు చూసి పెరిగిన నాకు దెజిమాలో వాళ్ల ఇళ్లు చూస్తే పాత చుట్టాల ఊరికి వచ్చినట్టే అనిపించింది.

సరుకుతో పాటు పుస్తకాలు వచ్చాయి. నాగసాకిలో దుబాసీ పని కొన్ని కుటుంబాలకు వంశపారంపర్య వృత్తి. పాలన సాగే ఎదో నగరంలో (ఇప్పటి తోక్యో) సుగితా గెంపకు, మయెనో ర్యోతకు మొదలైన వైద్యులు 1771లో మరణశిక్ష పడ్డ ఒక మనిషి శవాన్ని కోస్తుంటే డచ్చి శరీరశాస్త్ర గ్రంథంలోని బొమ్మలతో పోల్చి చూశారు. తాము చదువుకున్న పాత వైద్యం తప్పు, ఈ పుస్తకమే ఒప్పు అని తేలిపోయింది. మర్నాడే అనువాదానికి కూర్చున్నారు. చేతిలో సరైన నిఘంటువు లేదు, వాళ్లలో ఒకరిద్దరికి తప్ప డచ్చి అక్షరాలే సరిగా రావు. 1774లో పుస్తకం అచ్చేశారు. జపాన్ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. యుద్ధాలు, సమురాయ్‌లు సినిమాల్లో చూస్తాం. కొత్త జపాన్‌కు పునాది వేసింది మాత్రం అర్థం కాని పుస్తకం చుట్టూ కూర్చుని తంటాలు పడిన ఈ డాక్టర్లే అని నా అభిప్రాయం.

ఇంగ్లీషు మాత్రం భయంతో మొదలైంది. 1808లో ఫేటన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక డచ్చి జెండా ఎగరేసుకుని నాగసాకి రేవులోకి దూరింది. ఎదురెళ్లిన ఇద్దరు డచ్చివాళ్లను పట్టుకుని, నీళ్లూ తిండీ ఇస్తేగానీ వదలమంది. ఆపగలిగే బలగం చేతిలో లేక అడిగినవన్నీ ఇచ్చి పంపించారు. ఆ అవమానానికి బాధ్యత తనదేనని నాగసాకి పాలనాధికారి ప్రాణం తీసుకున్నాడు. మరుసటి ఏడాదే, డచ్చి దుబాసీలు ఇంగ్లీషు కూడా నేర్చుకు తీరాలని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. నేర్పడానికి దొరికింది కాస్తో కూస్తో ఇంగ్లీషు తెలిసిన ఓ డచ్చివాడు. 1814 కల్లా సుమారు 6,000 మాటలతో మొదటి ఇంగ్లీషు-జపనీస్ నిఘంటువు తయారైంది, ఉచ్చారణలన్నీ డచ్చి యాసలో.

ఇంగ్లీషే పుట్టుకతో మాట్లాడే గురువు రావడానికి మరో ముప్ఫయ్యేళ్లు పైన పట్టింది. వచ్చినవాడు రానల్డ్ మెక్‌డొనాల్డ్. తల్లి అమెరికా పసిఫిక్ తీరపు చినూక్ తెగ నాయకుడి కూతురు, తండ్రి హడ్సన్ బే కంపెనీలో పనిచేసే స్కాట్లాండువాడు. పరాయివాళ్లు అడుగు పెడితే తల పోతుందని తెలిసీ, 1848లో తిమింగలాల వేట ఓడ దిగి చిన్న పడవలో ఒంటరిగా ఉత్తర జపాన్ దీవుల వైపు తెడ్డు వేశాడు. ఓడ మునిగిపోయిందని నటించాడు. పట్టుకుని నాగసాకి తీసుకొచ్చి ఒక గుడి ఆవరణలో బంధించారు. అక్కడ పధ్నాలుగు మంది దుబాసీలు కటకటాల ఇవతల కూర్చుని తమ ఇంగ్లీషు పుస్తకాలు బిగ్గరగా చదివేవారు. అతను లోపల్నుంచి ఉచ్చారణ దిద్దేవాడు, అతని తరగతి గది అదే. ఎల్, ఆర్ అక్షరాల దగ్గర వాళ్లు పడిన అవస్థ నా విద్యార్థులు ఇప్పటికీ పడుతున్నారు. 1849లో అమెరికా ఓడ ఒకటి వచ్చి అతన్ని తీసుకుపోయింది. వాళ్లందరిలో చురుకైన శిష్యుడు మొరియామా ఎయినొసుకె. 1854లో అమెరికా నుంచి వచ్చిన పెర్రీ నౌకాదళంతో ఒప్పందం కుదిర్చేటప్పుడు జపాన్ తరఫున దుబాసీగా కూర్చున్నది ఆయనే. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పుకుని బతికే మా అందరికీ మూలపురుషుడు తెల్లవాడు కాడు, రెండు రక్తాల మనిషి. మా వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

1859లో యొకొహామా రేవు తెరిచారు. ఫుకుజావా యుకిచి అనే యువకుడు అప్పటికి ఏళ్ల తరబడి ప్రాణం పెట్టి డచ్చి చదువుకున్నవాడు. చూసొద్దామని వెళితే అంగళ్ల బోర్డులు అర్థం కాలేదు, విదేశీయులతో మాట కలవలేదు. అంతా ఇంగ్లీషు! కుంగిపోయాడు, కానీ మర్నాటి నుంచి ఇంగ్లీషు మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది 1860లో కన్రిన్‌మారు ఓడలో అమెరికా వెళ్లినప్పుడు వెబ్‌స్టర్ నిఘంటువు కొనుక్కొచ్చాడు. అదే ఓడలో దుబాసీగా ఉన్న నకహామా మంజిరో మరొకటి కొన్నాడు. ఈ మంజిరో పద్నాలుగేళ్ల వయసులో తుపానుకు కొట్టుకుపోయి, అమెరికా ఓడవాళ్ల దయతో మసాచుసెట్స్‌లో చదువుకుని తిరిగొచ్చిన జాలరి పిల్లవాడు. 1859లోనే ఇంగ్లీషు సంభాషణ పుస్తకం రాశాడు. నోటితో వచ్చినవాడు ఆయన, పుస్తకంతో వచ్చినవాడు ఫుకుజావా. జపాన్ రెండో దారి పట్టింది.

1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చాక కొంతకాలం పెద్ద చదువులన్నీ విదేశీ గురువులు విదేశీ భాషల్లోనే చెప్పారు. వాషింగ్టన్‌లో జపాన్ ప్రతినిధిగా ఉన్న మొరి అరినొరి ఇంకో అడుగు ముందుకేసి, అసలు మన దేశానికి ఇంగ్లీషే పెట్టుకుందామా అని 1872లో యేల్ పండితుడు విట్నీకి ఉత్తరం రాశాడు. సంస్కృత వ్యాకరణం రాసిన విట్నీయే ఈయన. సొంత భాష వదులుకోవద్దని ఆయన జవాబిచ్చాడు. లండన్‌లో చదువుకుంటున్న బాబా తత్సుయి అనే కుర్రవాడు, అలా చేస్తే ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య పూడ్చలేని అగాధం తవ్వినట్టేనని 1873లో తన జపనీస్ వ్యాకరణ గ్రంథానికి ముందుమాటగా రాశాడు. ఇంగ్లీషులోనే రాశాడు. చివరికి బాబా మాటే నెగ్గింది. చట్టం, వైద్యం, భౌతికశాస్త్రం, అర్థశాస్త్రం ఒక్కొక్కటీ జపనీస్‌లోకి వచ్చాయి. విదేశాలకు పంపిన విద్యార్థులు తిరిగొచ్చి, విదేశీ గురువుల కుర్చీల్లో కూర్చుని జపనీస్‌లో పాఠాలు చెప్పారు.

మా ఊరికి దగ్గర్లోని కుమమొతోలో ఎర్ర ఇటుకల పాత కాలేజీ భవనం ఒకటుంది. అందులో లఫ్కాడియో హెర్న్ 1891 నుంచి 1894 దాకా ఇంగ్లీషు చెప్పాడు. గ్రీకు తల్లికీ ఐరిష్ తండ్రికీ పుట్టి, జపాన్ పౌరుడై, కొయిజుమి యకుమోగా ఇక్కడే కన్నుమూసిన రచయిత. ఆయన వెళ్లిన రెండేళ్లకు అదే కాలేజీకి ఇంగ్లీషు చెప్పడానికి నత్సుమె సొసెకి వచ్చాడు. ఇంకొన్నేళ్లకు తోక్యో విశ్వవిద్యాలయంలోనూ హెర్న్ స్థానంలోకి వచ్చినవారిలో సొసెకి ఉన్నాడు. జపాన్ నవలకు ఆయన పెద్ద దిక్కు. ఆ సొసెకి 1911లో, కుర్రవాళ్లకు ఇంగ్లీషు తగ్గిపోతోందని అందరూ వాపోతుంటే, తగ్గడం సహజమే, విచారించాల్సింది లేదని రాశాడు. తన చిన్నతనంలో భూగోళం, చరిత్ర, లెక్కలు అన్నీ ఇంగ్లీషు పుస్తకాల్లోనే చదవాల్సి వచ్చిందని, అది ఒక రకం అవమానమని, బ్రిటన్ కింద ఉన్న ఇండియా పరిస్థితి తలపుకొస్తుందని అన్నాడు.

ఆ మాట చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, ఇక్కడ బళ్లలో ఇంగ్లీషు చెప్పడానికి ఇచ్చే వీసాకు ఒక నియమం ఉంది: ఏ భాష చెప్పబోతున్నామో ఆ భాషలో కనీసం 12 ఏళ్లు చదువుకుని ఉండాలి. దానికోసం నేను బందరులో చదివిన బడి నుంచి, కాలేజీ నుంచి మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ సర్టిఫికెట్లు తెప్పించుకున్నాను. మా నాన్న వెళ్లి హెడ్‌మాస్టరుగారి చేత సంతకం పెట్టించి కొరియర్ చేశారు. సొసెకి ఏది అవమానమన్నాడో, అదే నా అర్హత. భూగోళం, చరిత్ర, లెక్కలు ఇంగ్లీషులో చదివినందుకే ఆయన దేశంలో నాకు జీతం వస్తోంది. నేను ఇంగ్లీషును తక్కువ చేయడం లేదు. అది మా ఇంటికి అన్నం పెట్టింది. తరతరాలు చదువుకు దూరంగా ఉంచిన ఎన్నో ఇళ్లకు తలెత్తుకునే దారి చూపించింది. అయినా అది మనకు పడిన ఖరీదేమిటో తెలుసుకోవడానికి నాకు సొసెకి కావాల్సి వచ్చాడు.

జపాన్ తన భాషలోనే చదువు చెప్పుకుంటున్న సంగతి మన దగ్గర ముందే గమనించినవాళ్లున్నారు. నిజాం హైదరాబాదులో విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాన్ వచ్చి, బళ్లూ విశ్వవిద్యాలయాలూ తిరిగి చూసి, ఇక్కడి విద్యావిధానం మీద పెద్ద పుస్తకం రాశారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, దానికోసమే పెట్టిన అనువాద శాఖ అప్పటికి కళ్ల ముందున్నాయి. తెలుగు మాట్లాడే జనమే ఎక్కువగా ఉన్న రాజ్యంలో ఉర్దూ పెట్టడంలోని అన్యాయం వేరే చర్చ. కానీ దేశభాషలో డాక్టరీ చదువు చెప్పడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ హైదరాబాదు జపాన్ దాకా వచ్చిందన్నది మనం గుర్తుంచుకోవాల్సిన సంగతి.

2008లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న మసుకావా తొషిహిదె స్టాక్‌హోంలో తనకు ఇంగ్లీషు రాదని ముందే చెప్పి, ఉపన్యాసం జపనీస్‌లో ఇచ్చారు. మా చుట్టాలు అడిగే ప్రశ్నకు నా జవాబు ఇదే. ఇంగ్లీషు మాట్లాడకుండానే ఆ ఎత్తుకు చేరే దారి ఇక్కడ ఉంది. మాట్లాడాల్సిన అగత్యం లేని చోట నోరు తిరగదు.

అగత్యం ఒక్కసారి వచ్చింది, ఓటమితో. యుద్ధకాలంలో ఇంగ్లీషును శత్రువు భాషగా చూశారు, బేస్‌బాల్ ఆటలోని మాటలు కూడా జపనీస్‌లోకి మార్చారు. 1945 ఆగస్టులో లొంగిపోయారు. కొద్ది వారాల్లోనే 32 పేజీల జపాన్-అమెరికా సంభాషణ చిన్న పుస్తకం ఒకటి అచ్చయి 36 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఇళ్లు కాలిపోయి, తిండి లేని రోజుల్లో! ఆ రికార్డును 1981లో దాటిన పుస్తకం మీలో చాలామంది చదివే ఉంటారు, మన తెలుగులో 'రైలుబడి'గా వచ్చిన తెత్సుకో కురొయనాగి జ్ఞాపకాలు. 1946 ఫిబ్రవరిలో హిరకావా తదాఇచి అనే ఆయన రేడియోలో ఇంగ్లీషు సంభాషణ పాఠాలు మొదలుపెడితే, పిల్లల పాట బాణీలో కట్టిన ఆ కార్యక్రమం పాటను దేశమంతా పాడుకుంది. మా క్లాసుకు వచ్చే ఒక బామ్మగారు ఇప్పటికీ ఆ పాట చేతులు తడుతూ పాడతారు. ఆమెకు ఇంగ్లీషంటే పరీక్ష కాదు, యుద్ధం అయిపోయిందన్న కబురు.

తర్వాత అంతా వ్యాపారమూ, పరీక్షలూ. 1964 ఒలింపిక్స్, 1970 ఒసాకా ఎక్స్‌పో, చేతిలో డబ్బు ఆడడం, ఇవన్నీ కలిసి స్టేషన్ల ముందు ఎయికైవా బళ్లు లేచాయి. 1987లో అమెరికాతో వాణిజ్య తగాదాలు ముదిరినప్పుడు ప్రభుత్వం జెట్ అనే పథకం పెట్టి, తొలి ఏడాది నాలుగు దేశాల నుంచి 848 మంది యువతను రప్పించింది. ఎక్కువమంది బళ్లలో ఇంగ్లీషు సహాయకులు. ఎయికైవా కంపెనీల్లో అన్నిటికన్నా పెద్దదైన నోవా, గులాబీ రంగు కుందేలు బొమ్మతో దేశమంతా తెలిసిన నోవా, 2007 అక్టోబరులో కుప్పకూలింది. ముందే డబ్బు కట్టిన విద్యార్థులు లక్షల్లో ఉన్నారు, విదేశీ టీచర్లు దాదాపు 4,000 మంది. జీతాలు ఆగాయి. కంపెనీ ఇచ్చిన అద్దె ఇళ్ల నుంచి ఖాళీ చేయమన్నారు. పాఠం చెబుతాం, అన్నం పెట్టండి అని అడిగేదాకా వచ్చిందని పాత టీచర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

బళ్లలో పని ఇంతకన్నా భద్రమనుకుంటే పొరపాటు. నేను బడిలో పనిచేసినా నన్ను పెట్టుకున్నది బడి కాదు, మనుషుల్ని సరఫరా చేసే ఒక ఏజెన్సీ. వాళ్ల ఒప్పందం వారానికి ఇరవై తొమ్మిదిన్నర గంటలు. అప్పట్లో ముప్ఫై దాటితే ఆరోగ్య బీమా, పింఛను చందాలో సగం వాళ్లు కట్టాల్సి వచ్చేది. ఆగస్టు సెలవుల్లో జీతం కోత. ఏప్రిల్‌లో మొదలైన ఒప్పందం మార్చిలో తెగిపోతుంది, మళ్లీ పిలుస్తారో లేదో ఫిబ్రవరి దాకా చెప్పరు. ఏ రకం ఒప్పందమన్నదాన్ని బట్టి క్లాసులో జపనీస్ టీచరు నాకు నేరుగా ఫలానాది చేయమని చెప్పడం కూడా చట్టప్రకారం కుదరదు. ఇద్దరం ఒకే బోర్డు ముందు నిలబడి కూడా కలిసి పాఠం తయారు చేసుకోలేని పరిస్థితి. టీచరు చదవమన్న పేరా చదివి పక్కకు తప్పుకోవడమే పని. మనిషి టేపురికార్డరు అని సహాయ ఉపాధ్యాయులు తమను తాము అనుకునే మాట ఊరికే పుట్టలేదు. పిల్లలకు విదేశీ మనిషిని చూపిస్తున్నాం గానీ ఆ మనిషి చేత పాఠం చెప్పించడం లేదు. ఇది మారాలి.

ప్రభుత్వం ప్రయత్నించడం లేదని అనను. ప్రాథమిక బడిలో 2011 నుంచి ఇంగ్లీషు కార్యక్రమాలు తప్పనిసరి చేశారు, 2020 నుంచి అయిదు, ఆరు తరగతుల్లో మార్కులుండే సబ్జెక్టే అయింది. ప్రవేశ పరీక్షలో మాట్లాడే నైపుణ్యాన్ని ప్రైవేటు పరీక్షలతో కొలుద్దామన్న పథకాన్ని మాత్రం 2019 నవంబరులో ఆపేశారు. ఫీజులు కట్టలేని పిల్లలకూ, పరీక్షా కేంద్రాలు లేని మారుమూల ఊళ్ల పిల్లలకూ అన్యాయమని జనం తిరగబడ్డారు. ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య అగాధం గురించి బాబా తత్సుయి 1873లో చెప్పిన మాటే ఇది. ఆపడం మంచి పనే.

మరి ఇంత కథ ఉన్న దేశంలో పెద్దవాళ్లు సాయంత్రం పని ముగించుకుని డబ్బు కట్టి నా దగ్గరకెందుకొస్తారు? ఆస్ట్రేలియాలో అల్లుడితో, మనవలతో మాట్లాడాలని ఒకావిడ వస్తుంది. వార్డులో విదేశీ రోగులు పెరిగారని ఒక నర్సు వస్తుంది. ఇద్దరు స్నేహితురాళ్లు మాత్రం నేను తెలుగుదాన్నని తెలిసి వచ్చారు. 2022లో ఇక్కడ విడుదలైన ఆర్‌ఆర్‌ఆర్ ఎన్నిసార్లు చూశారో వాళ్లకే తెలియాలి. ఆ కథను తకరజుకా నాటక బృందం 2024లో రంగస్థలం మీదికి తెచ్చినప్పుడు కూడా వెళ్లారు. పాఠం అయ్యాక పాటల్లో మాటలకు అర్థాలు అడుగుతారు, నేను చెప్పింది కతకానా లిపిలో రాసుకుంటారు. వీళ్లెవరికీ ఇంగ్లీషు పరీక్ష కోసం అక్కర్లేదు. మనుషులతో మాట్లాడటానికి కావాలి. అందుకే వీళ్లతో గడిపే యాభై నిమిషాలంటే నాకు గౌరవం.

ఇక్కడికి ఈ పనికి రావాలనుకునే మన పిల్లలకు రెండు మాటలు. మిమ్మల్ని పెట్టుకుంటున్నది ఎవరు, వారానికి ఎన్ని గంటలు, ఆగస్టులో జీతం ఎంత, ఈ మూడూ కాగితం మీద చూడకుండా సంతకం పెట్టకండి. రాకముందే జపనీస్ మొదలుపెట్టండి. ఎదుటివాళ్ల భాష నేర్చుకోవడంలో పడే అవస్థ తెలిసిన టీచరుకే ఆ నిశ్శబ్దాన్ని ఓపిగ్గా భరించడం తెలుస్తుంది.

ఊళ్లో ఉన్న పెద్దలకు ఒక విన్నపం. పై చదువుల పుస్తకాలు తెలుగులో రాయించడానికి 1968లో తెలుగు అకాడమీ పెట్టుకున్నాం. ఎంతో పని చేసింది, ఇంకా ఎంతో మిగిలిపోయింది. పిల్లల్ని ఏ మీడియంలో చదివిస్తారన్నది మీ ఇష్టం. కానీ తెలుగులో సైన్సు, వైద్యం, చట్టం గురించి పిల్లలకు అర్థమయ్యేలా రాసే ఉపాధ్యాయుడో డాక్టరో మీ ఊళ్లో ఒక్కరున్నా, ఆ పుస్తకం కొనండి, ఇంట్లో పిల్లల చేత చదివించండి, రెండోది రాయమని ఆయన్ని అడగండి.